చుట్టరికం లేని గుంపు

చంద్రకళను మనం మలంచా రోడ్డు మీది ఎస్.టి.డి. బూత్‌లో, చెమట పట్టిన చేత్తో రిసీవర్ పట్టుకుని నిలబడి ఉండగా వదిలివచ్చాం. జగిత్యాల నుంచి ఖరగ్‌పూర్ ఇంజనీరింగు సంస్థకు పరిశోధన కోసం వచ్చిన పిల్ల. క్యాంపస్‌లో ఫోన్లు లేక కాదు, ఇంతదూరం సైకిలు తొక్కుకుంటూ వచ్చింది. అక్కడినుంచి చేస్తే ఆ మాట తన గైడు వెంకటసుబ్బయ్యగారి చెవిన పడుతుందని భయం.

ఆ భయం ఎందుకో కొత్తగా చదువుతున్నవాళ్ళకు నాలుగు మాటల్లో చెప్పాలి. తెల్లకణాలు హద్దు మీరి పెరిగే రక్తజబ్బు ఒకటుంది. ఆ జబ్బు ఉన్నవాళ్ళ రక్తమూ, లేనివాళ్ళ రక్తమూ కలకత్తాలోని ఒక ప్రయోగశాలలో పరీక్షించి, వేల జన్యువుల్లో ఏది ఎంత పనిచేస్తోందో అంకెలు పంపారు. చంద్రకళ పని ఆ అంకెలతో వల అల్లడం. ఒక్కో జన్యువు ఒక్కో చుక్క. రెండు జన్యువులు కలిసి పెరిగి కలిసి తగ్గుతుంటే వాటి మధ్య ఒక గీత. అలా గీస్తూ పోతే కొన్నిచోట్ల గీతలు చిక్కబడి గుంపులు కడతాయి. వాటిలో డెబ్భై పైచిలుకు జన్యువుల పెద్ద గుంపు ఒకటి తేలింది. జబ్బుకు మూలం అదేనన్నారు వెంకటసుబ్బయ్యగారు. ఆ గుంపులో ఒక జన్యువును అణిచే ఇంజెక్షన్‌ను కలకత్తా ఆసుపత్రిలో రోగుల మీద ప్రయోగించడం కూడా మొదలైంది. ఆ మందుకు ఒప్పుకున్నవాళ్ళలో తెలుగు రైల్వే కుటుంబాలుండే ఓల్డ్ సెటిల్‌మెంట్ రత్నం ఉంది. ఆమెను ఒప్పించింది చంద్రకళే.

పోయిన వారం ఆ గుంపు ఆకారాన్ని తరిచి చూస్తూ చంద్రకళ ఒక అనుమానంలో పడింది. అది తీరాలంటే ఒక్క ప్రశ్న అడగాలి. అడగాల్సిన మనిషి కలకత్తా ప్రయోగశాలలో టెక్నీషియన్ విల్‌ఫ్రెడ్. ఈ సెటిల్‌మెంట్లలోనే పుట్టి పెరిగినవాడు.

"హలో, ఎవరండీ?" అంది అవతలి గొంతు.

"విల్‌ఫ్రెడ్‌గారూ, నేను చంద్రకళను. ఒక్క మాట చెప్పండి. రోగుల రక్తమూ, ఆరోగ్యవంతుల రక్తమూ ఒకేసారి కలిపి పరీక్షించారా?"

"లేదు మేడమ్. పేషెంట్లది ముందు సేసినాం, పోయినేడు మే నెల్లో. ఆ ఎండలకి కరెంటు ఉండేది కాదు, ఫ్రిజ్జు అస్తమానూ ఆగిపోయీది. మంచోళ్ళది దసరా పూజలయ్యాక సేసినాం. అప్పటికి కొత్త కెమికల్ కూడా వచ్చింది."

"రోగుల్లో ఒక్కరినైనా పూజల తరవాత చెయ్యలేదా? ఆరోగ్యవంతుల్లో ఒక్కరినైనా మేలో?"

"ఒక్కలు కూడా లేరు. ఏటి మేడమ్, నాను ఏటైనా తప్పు సేసినానా?"

"మీ తప్పేం లేదు" అని చంద్రకళ ఫోన్ పెట్టేసింది. బూత్ కుర్రాడు చిల్లర తీసుకోమని పిలుస్తున్నా వినకుండా బయటికొచ్చి, సైకిలు హ్యాండిల్ మీద తలవాల్చి కాసేపు అలాగే నిలబడింది. పక్కనుంచి ఆటోలు హారన్లు కొడుతూ పోతున్నాయి.

ఆమె భయపడ్డదే నిజమైంది. ఆ జన్యువులు కలిసి కదిలింది జబ్బు వల్ల కాదు. రోగుల రక్తం మే ఎండల్లో పాడైంది, ఆరోగ్యవంతుల రక్తం చలవలో బాగుంది. అంతే. ఆ తేడానే తాము జబ్బు అనుకున్నారు.

సైకిలు మీద తిరిగి క్యాంపస్ చేరేసరికి మధ్యాహ్నం అయింది. డిపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కసాగింది. వెనక్కి పోదామా అని రెండుసార్లు ఆగింది. కానీ రత్నం ముఖం గుర్తొచ్చింది. న్యూ సెటిల్‌మెంట్ తెలుగుబడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించే రత్నం. ఆదివారం గుడిలో పరిచయమై, "హాస్టల్ తిండి తిని ఎలాగ బతుకుతున్నావు? రా మా ఇంటికి" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయిన రత్నం. ఇంజెక్షన్లకు ముందు పాత మాత్రలు మానెయ్యాలని డాక్టరు చెప్పినప్పుడు, "ఆపీమంటావా?" అని రత్నం అడిగింది డాక్టర్ని కాదు, చంద్రకళనే. చంద్రకళ ఎంత ధీమాగా తలూపింది!

తలుపు తోసింది.

వెంకటసుబ్బయ్యగారు ఏదో రాసుకుంటున్నారు. యాభై దాటిన మనిషి. కొంతకాలంగా గడ్డం సరిగా గీసుకోవడం లేదు. "రామ్మా, కూర్చో" అన్నారు తలెత్తకుండానే.

"సార్, మన పెద్ద క్లస్టర్, ఆ డెబ్భై జన్యువుల గుంపు, నిజంది కాదు."

కలం ఆగింది. ఆయన లేచి, ఆమెను దాటుకుని వెళ్ళి తలుపు మూసి గడియ పెట్టారు. ఆ గడియ చప్పుడుకు చంద్రకళ వెనక్కి తిరిగి చూసింది. ఆయన మాత్రం మామూలుగా తిరిగొచ్చి కూర్చున్నారు.

"ఏం చూశావు?"

"మిగతా క్లస్టర్లన్నిటినీ దానితో పోల్చాను సార్. ఏ క్లస్టర్ తీసుకున్నా గీతలు అందరికీ సమానంగా లేవు. రెండు మూడు జన్యువులకు బోలెడన్ని గీతలుంటాయి, మిగతావి వాటిని పట్టుకుని వేలాడుతుంటాయి. కొన్ని పక్క క్లస్టర్‌తో కూడా కలుస్తాయి. మన పెద్దదాంట్లో అలా లేదు. ప్రతిదానికీ ప్రతిదానితోనూ గీత ఉంది. బయటికి మాత్రం ఒక్క గీత కూడా లేదు. ఎవరో కత్తిరించి తెచ్చి అతికించినట్టుంది."

"బలమైన క్లస్టర్ అలాగే ఉంటుంది. అది మంచి లక్షణమే."

"నేనూ ఇన్నాళ్ళూ అట్లే అనుకున్నాను సార్." చంద్రకళ కుర్చీ అంచు పట్టుకుంది. "రైల్వే వర్క్‌షాప్ సైరన్ మోగితే సెటిల్‌మెంట్‌లో మగవాళ్ళంతా ఒక్కసారే సైకిళ్ళెక్కుతారు. అది చూసి వాళ్ళంతా ఒక ఇంటివాళ్ళని అనుకుంటే ఎట్లా? ఒకరికొకరు ఏమీ కారు. బయట సైరన్ మోగింది, అంతే. ఇక్కడ కూడా ఏదో సైరన్ ఉందని అనుమానమొచ్చి విల్‌ఫ్రెడ్‌కి ఫోన్ చేశాను. రోగుల రక్తం అంతా మేలో, ఫ్రిజ్ పనిచెయ్యనప్పుడు చేశారట. మిగతాది పూజల తరవాత, కొత్త కెమికల్‌తో. ఒక్కటీ కలపలేదు."

ఆయన ముఖంలో ఏమీ మారలేదు. ఆ మారకపోవడమే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

"మీకు ముందే తెలుసా సార్?"

"తెలియదు" అన్నారాయన. కాస్త ఆగి, "అడగలేదు" అన్నారు.

"ఇంకో సంగతి. మనం మందుకి గురిపెట్టిన జన్యువు క్లస్టర్ నడిమధ్యలో ఉందని రాశాం. అందరికీ అందరితో సమానంగా గీతలున్నప్పుడు మధ్య ఎక్కడుంటుంది సార్? ఏ జన్యువును పట్టుకున్నా మధ్యే అవుతుంది. మనం దాన్నెందుకు ఎంచుకున్నాం?"

"దాన్ని అణిచే మందు అప్పటికే దొరుకుతోంది కాబట్టి." ఆయన గొంతు మొదటిసారి పెరిగింది. "మందు లేని జన్యువును ఎంచుకుని ఏం చేసుకోను? ఇంకో పదేళ్ళు కూర్చుని గీతలు గీసుకోమంటావా? నీకేం, థీసిస్ రాసుకుని పోతావు!"

అంత పెద్ద గొంతు ఆయన దగ్గర ఆమె ఎన్నడూ వినలేదు. తన ఫెలోషిప్పు, థీసిస్, తనను ఇంతదూరం పంపడానికి తండ్రితో పోట్లాడిన అమ్మ, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఈయన ఒక్క సంతకం పెట్టకపోతే చాలు, పెట్టె సర్దుకుని రైలెక్కాల్సిందే. ఇంటిభాష తన్నుకొచ్చేసింది.

"థీసిస్ పోతే పోనీ సార్! రత్నం సంగతేంది? శనివారం ఆమె పోయి ఇంజెక్షన్ కోసం ఆస్పత్రిల మంచమెక్కుతది. మాత్రలు ఇప్పటికే బంద్ చేసింది. నేను చెప్పిన గదా అని చేసింది! డాక్టర్‌గారికి ఇప్పుడే ఫోన్ చెయ్యండి. మీరు చెయ్యకపోతే నేను చేస్త."

"చెయ్యి" అన్నారాయన. కానీ టెలిఫోన్ మీద తన రెండు చేతులూ వేశారు.

ఇద్దరూ ఆ చేతులకేసే చూశారు. అవి రిసీవర్‌ను వదలకుండా పట్టుకుని ఉన్నాయి. చంద్రకళ కోపమంతా అక్కడే ఆగిపోయింది. తనలాగే ఆయన కూడా భయపడుతున్నారు. తనకంటే ఎక్కువగానే భయపడుతున్నారు.

"మీ ఆంటీ ఒంగోలు వెళ్ళిందని చెప్పాను కదూ?" అన్నారు మెల్లగా.

ఆంటీ అంటే ఆయన భార్య త్రిపురసుందరి. చంద్రకళ కొత్తగా వచ్చిన రోజుల్లో జ్వరమొస్తే కారియర్‌లో జావ పంపిన మనిషి. దసరా నుంచీ ఆవిడ కనబడలేదు. చెల్లెలి ఇంటికి వెళ్ళిందని అందరూ అనుకుంటున్నారు.

"ఒంగోలు వెళ్ళలేదు. కలకత్తాలో ఉంది. నాలుగేళ్ళ కింద బయటపడింది ఈ జబ్బు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. అంతకుముందు నేను వంతెనల మీద పనిచేసేవాణ్ణి తల్లీ. జన్యువంటే ఏమిటో నాకు తెలుసా? ఆమె కోసం మొదలుపెట్టాను ఇదంతా. ఆ వార్డులో ఈ మందుకు ఒక్క మంచమే ఇచ్చారు. దాని మీద ఉన్నది ఆవిడే. శనివారం ఆవిడ డిశ్చార్జి అయ్యాకే ఇంకొకరు."

కిటికీ బయట ఎవరో కుర్రాళ్ళు హిందీలో ఏదో అరుచుకుంటూ నవ్వుకుంటూ పోయారు.

"మూడు వారాలయింది" అంటున్నారాయన. "మందు పనిచేస్తోంది. తెల్లకణాలు తగ్గాయి. నిన్న డాక్టరే చెప్పాడు. నీ లెక్క ఏమైనా కానీ, కౌంట్ తగ్గింది. దానికేమంటావు?"

అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఆమెకు తెలుసు. అడగడం ఇష్టం లేదు. అయినా అడిగింది.

"తెల్లకణాలొక్కటేనా సార్? మిగతా కణాలు కూడానా?"

ఆయన టెలిఫోన్ మీదినుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"అన్నీ తగ్గాయి. మొదట్లో అలాగే ఉంటుందన్నాడు."

అంటే మందు జబ్బును వెతికి పట్టుకోవడం లేదు. రక్తం పుట్టే చోటనే నొక్కేస్తోంది, జబ్బునీ మంచినీ కలిపి. ఆ సంగతి ఇద్దరికీ అర్థమైంది, ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు.

"నాకు శనివారం దాకా టైమివ్వు" అన్నారాయన, శిష్యురాలిని అడిగే గొంతుతో కాదు, పరాయి మనిషిని బతిమాలే గొంతుతో. "అప్పటికి ఆవిడ రిపోర్టు వస్తుంది. బాగుంటే సరే. లేకపోతే నేనే ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళి చెబుతాను. అప్పటిదాకా ఎవరితోనూ అనకు. ఆవిడకి తెలిస్తే... ఆ ఇంజెక్షన్ మీద ఆశతోనే అన్నం తింటోంది."

"ఆంటీకి ఆపించండి సార్. ఈరోజే."

"ఆపి?" అన్నారాయన. "ఆపి ఏమివ్వను?"

చంద్రకళ లేచింది. గడియ తీసుకుని బయటికొచ్చింది. వెనక నుంచి ఆయన పిలుస్తారేమోనని చూసింది. పిలవలేదు.

శనివారం దాకా ఆగుతానని ఆమె మాటివ్వలేదు. ఆగే ధైర్యమూ లేదు. సైకిలు ఓల్డ్ సెటిల్‌మెంట్ వైపు తిప్పింది. రత్నానికి ఏమని చెప్పాలి? నువ్వు మానేసిన మాత్రలు మళ్ళీ మింగు, నేను చెప్పింది తప్పు అనాలి. అప్పుడు రత్నం ఏమంటుంది? కొట్టినా బాగుండును, ఏడిస్తే ఎలా? దారంతా ఈ మాటలే తిప్పితిప్పి అనుకుంది. ఒకచోట ఎదురొచ్చిన రిక్షాను గుద్దబోయి తప్పించుకుంది. "ఏ దీదీ, దేఖ్ కే!" అని రిక్షావాడు కసిరాడు.

క్వార్టర్స్ సందులో ఇంటిముందు అప్పలనర్సమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. రత్నం తల్లి. చంద్రకళను చూడగానే ముఖం వెలిగిపోయింది.

"ఏటమ్మా సంద్రకలా, ఎండనపడి ఇలగొచ్చినావు? కూకో, మంచినీల్లిస్తాను."

"రత్నమేది పెద్దమ్మా? బడినుంచి రాలేదా?"

"బడేటి, ఇయ్యాల బడికే ఎల్లనేదు. నీకు తెల్దేటి? కలకత్తా ఎల్లిపోనారు, ఆలయ్యా అదీని. పొద్దున్నే పచారీ కొట్టు సూసన్నకి పోను వచ్చింది ఆస్పత్రి కాణ్ణించి. శనోరం దాకా ఆగక్కర్లేదు, ఇయ్యాలే రమ్మన్నారంట." అప్పలనర్సమ్మ చేట కింద పెట్టి, రెండు చేతులూ ఎత్తి ఎవరికో దండం పెట్టింది. "మా అమ్మోరు సల్లగా సూసింది తల్లీ. మంచం కాలీ అయ్యిందంట!"

చంద్రకళ అరుగు మీద చెయ్యి ఆనించింది.

ఒక్క మంచం. దాని మీద ఉన్నది ఎవరో తనకు తెలుసు. శనివారానికి ముందు డిశ్చార్జి మాట లేదు. రాత్రికి రాత్రి ఆ మంచం ఎలా ఖాళీ అయింది?

"ఏటమ్మా అలగైపోనావు? పడిపోతావేటి!"

"ఏ బండికి వెళ్ళారు పెద్దమ్మా?"

"ఇప్పుడే కదా ఎల్లినారు, లోకలుకి. మా గుంట రత్నానికి రాత్రి ముక్కంట నెత్తురొచ్చింది, మెల్లిగా నడిసింది. టేసన్‌లోనే ఉంటారు... ఓలమ్మా, నీల్లు తాగవేటి?"

చంద్రకళ అప్పటికే సైకిలెక్కింది. ముక్కునుంచి రక్తం. మాత్రలు ఆపినందుకే. ఆ మాట చెవిలో మోగుతుంటే స్టేషన్ వైపు తొక్కింది. స్టేషన్ ముందు సైకిలు గోడకు వదిలేసి, టికెట్టు సంగతి మరిచిపోయి లోపలికి పరుగెత్తింది. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం అసలే పొడుగు. ఆవేళ దానికి అంతే లేదనిపించింది. టీ కెటిళ్ళు, సామాన్లు, పడుకున్న మనుషులు, అందరినీ దాటుకుంటూ ఒక్కో కిటికీలోకీ తొంగిచూస్తూ పోయింది. హౌరా లోకల్ నిండిపోయి ఉంది.

"చంద్రా! ఇక్కడ!"

రత్నం కిటికీ దగ్గర కూర్చుని చెయ్యి ఊపుతోంది. గులాబీరంగు చీర కట్టింది. ముఖం మాత్రం కాగితంలా ఉంది. పక్కన తండ్రి జగ్గారావు, వర్క్‌షాప్‌లో సెలవు పెట్టి వచ్చినట్టున్నాడు, ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చున్నాడు.

"నాకు తెలుసు నువ్వొస్తావని" అంది రత్నం. "అమ్మ చెప్పినాదా?"

చంద్రకళ లోపలికెక్కి ఆమె ముందు మోకాళ్ళ మీద కూలబడింది. "దిగు రత్నం. దిగు. ఆ మందు వద్దు."

"ఏటి?"

"మేం తప్పు చేసినం. ఆ లెక్క తప్పు. అది జబ్బుకి సంబంధించింది కాదు. నేనే చెప్పిన గదా నీకు, తప్పు చెప్పిన. నీ పాత మాత్రలు మళ్ళీ వేసుకో. దిగు."

రత్నం కళ్ళు విప్పార్చుకుని చూసింది. చుట్టూ ఉన్న బెంగాలీ ప్రయాణికులు ఆపుకోలేని కుతూహలంతో ఇటే చూస్తున్నారు. జగ్గారావుకు సగమే అర్థమైంది. "తప్పేటమ్మా? ఆస్పత్రోల్లే పిలిసినారు కదా. నీకన్నా ఆలకి తెల్దా?" అన్నాడు, గట్టిగా అనలేక.

"అయ్యా, నువ్వాగు." రత్నం గొంతు సన్నగా, చాలా చల్లగా వచ్చింది. "చంద్రా, ఆ మాత్రలతో మహా అయితే ఇంకో ఏడాదని చెప్పినారు నాకు. ఆ ముక్క అమ్మకి తెల్దు. ఇప్పుడు దిగి ఇంటికెళ్ళి ఆ ఏడాది లెక్కపెట్టుకోమంటావా? నువ్వు తప్పని నాకెలాగ తెలుస్తాది? అప్పుడూ నిజమనే చెప్పినావు."

మంచం సంగతి చెప్పాలి. చెప్పకుండా ఈమెను దింపడం కుదరదు. చెబితే ఈ పిల్ల ఏమైపోతుందో! చంద్రకళ నోరు తెరిచింది.

అప్పుడే పెట్టె తలుపు దగ్గర ఎవరో జనాన్ని నెట్టుకుంటూ లోపలికొచ్చారు. వెంకటసుబ్బయ్యగారు. చేతిలో సంచి లేదు, కాళ్ళకు ఇంట్లో తొడుక్కునే రబ్బరు చెప్పులు. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నారు. ఎవరినీ చూడకుండా వచ్చి, వీళ్ళ ఎదుటి బల్ల అంచున కూలబడ్డారు. పైకి చూసేసరికి చంద్రకళ కనబడింది. ఆమె పక్కన రత్నం.

రత్నానికి ఆయన గుర్తే. చంద్రకళతో క్యాంపస్‌కు వెళ్ళినప్పుడు ఒకసారి చూసింది. మర్యాదకు లేవబోయింది. "నమస్కారమండీ. మీరూ ఆస్పత్రికేనా?"

ఆయన ఆమెకేసి చూస్తూనే ఉన్నారు.

"ఫోన్ వచ్చింది. ఆవిడ రాత్రే పోయిందట, పొద్దుటినుంచీ ఇంటికి ఫోన్ చేస్తూనే ఉన్నారట" అన్నారు చంద్రకళతో.

గార్డు విజిల్ ఊదాడు. వెంకటసుబ్బయ్యగారు చప్పున లేచి, ముందుకు వంగి, ఎన్నడూ మాట్లాడి ఎరగని ఆ పిల్ల చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నారు.

"దిగిపోమ్మా" అన్నారు. "నీకు దండం పెడతాను, దిగిపో."

రత్నం లేచి నిలబడింది. బండి కదిలింది.